బారుముంగి: శేషాచలంలో లేని ఒక వేటగుంపు

గుంపుగా వేటాడే జంతువును కల్పించమంటే చాలామంది కోరలతో మొదలుపెడతారు. జానెడు కోరలు, ఎర్రటి కళ్లు, అరవై కిలోల ఒళ్లు, ముప్పై జంతువుల మంద. బొమ్మ బాగుంటుంది. ఆ మందను తీసుకెళ్లి తలకోన దగ్గర వదిలితే ఏడాది తిరక్కుండా ఆకలితో చస్తుంది. కథకో ఆటకో జంతువు కావాలంటే ముందు తేల్చాల్సింది అది రోజూ ఏం తింటుంది, ఎక్కడ తాగుతుంది, మధ్యాహ్నం ఎండలో ఏ నీడన పడుకుంటుంది అన్న మూడే. మిగతా ఒళ్లంతా వాటి నుంచే వస్తుంది.

ఈ పద్ధతిలో కట్టిన జంతువే బారుముంగి. ఇది కల్పితం. దీన్ని నిలబెట్టిన కొండలు, వంకలు, పక్కనున్న రేచుకుక్కలు, చిరుతలు, లెక్కల వెనకున్న జీవశాస్త్రం మాత్రం నిజం.

మొదటి ప్రశ్న కులం. శేషాచలంలో కుక్కజాతి వేటగుంపు ఇప్పటికే ఉంది, అదే రేచుకుక్క. పిల్లిజాతిలో చిరుత ఉంది. ఇంకో కుక్కను తెచ్చిపెడితే అది రేచుకుక్కతో నేరుగా పోటీపడాలి, ఒకే పని చేసే రెండు జంతువులు ఒకే కోనలో ఎక్కువకాలం నిలవవు. అందుకే ముంగిస వంశం. ముంగిసల్లో గుంపు బతుకు కొత్తేమీ కాదు. ఆఫ్రికా చారల ముంగిసలు ఇరవైకి అటూఇటూగా కలిసి తిరుగుతాయి, మీర్‌కాట్‌లు వంతులవారీగా కాపలా కాస్తాయి. ముంగిసలకు దగ్గరి చుట్టమైన ఫోసా మడగాస్కర్‌లో చెట్లమీది లీమర్లను ఇద్దరు ముగ్గురు కలిసి పట్టడం శాస్త్రజ్ఞులు చూసి రాశారు. ఫోసా 5 నుంచి 9 కిలోల జంతువు, దానికంటే పెద్ద రకం ఒకటి అక్కడే ఒకప్పుడు ఉండి అంతరించింది. అంటే ఈ వంశపు ఒళ్లు పన్నెండు కిలోలకు సాగడం అసాధ్యమేమీ కాదు. పూర్వీకుల ఎముకలు ఎక్కడో ఒకచోట దొరకాలనుకుంటే, 1880లలో భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వకాలు జరిపిన కర్నూలు వైపు బిల్లసుర్గం గుహలు ఉన్నాయి. సున్నపురాయి గుహల్లో ఎముక నిలుస్తుంది. తిరుమల కొండల పలుగురాతి నేలలో నిలవదు.

పన్నెండు కిలోలే ఎందుకు? మాంసాహారుల తిండిమీద జరిగిన పరిశోధనల్లో పదే పదే కనిపించే గీత ఒకటుంది, దాదాపు 20 కిలోల దగ్గర. దానికి కిందున్నవి పురుగులు, తొండలు, ఎలుకలు ఏరుకుని బతకగలవు. దాటినవాటికి ఆ ఏరుకోవడం గిట్టుబాటు కాదు, వెతకడానికయ్యే ఖర్చు దొరికే తిండిని మింగేస్తుంది. తమ ఒంటిలో సగానికి తగ్గని ఎరను పట్టి తీరాలి. రేచుకుక్క 12 నుంచి 20 కిలోల మధ్యే ఉన్నా గుంపు బలంతో కణితి జింకనే పడగొడుతుంది, అది దాని దారి. బారుముంగిని గీతకు కిందే ఉంచితే దానికి రెండు దారులూ తెరిచి ఉంటాయి. వానల్లో ఒక్కొక్కటే విడిపోయి ఎండ్రకాయలు, కప్పలు, పేడపురుగులు ఏరుకుంటుంది. వంకలు ఎండాక గుంపుకట్టి కొండగొర్రెను (నాలుగు కొమ్ముల చిన్న జింకను), అడవిపంది పిల్లను, దుప్పికూనను పడుతుంది. శేషాచలం లాంటి కరువుకొండల్లో ఈ రెండు పడవల ప్రయాణమే కాపాడుతుంది.

ఇక తిండి లెక్క. ఒంటి బరువును 0.75 ఘాతానికి హెచ్చించి 70తో గుణిస్తే ఊరికే పడుకున్న జంతువుకు రోజుకయ్యే ఖర్చు కిలోకేలరీల్లో వస్తుంది. 12 కిలోలకు అది 450. కొండలెక్కి వేటాడే జంతువు దానికి మూడింతలు ఖర్చు పెడుతుందనుకుందాం, 1,350. (ఆఫ్రికా వేటకుక్కలమీద కొలిచినప్పుడు దాదాపు అయిదింతలు తేలింది, కానీ అవి మైదానంలో గంటల తరబడి పరిగెత్తే జాతి.) కొవ్వు లేని అడవిమాంసం కిలోకి 1,200 కిలోకేలరీలు. అరగనిది, బొచ్చు, తొక్క పోగా రోజుకు ఒక్కోదానికి 1.3 కిలోలు కావాలి. తొమ్మిది పెద్దవి ఉన్న గుంపుకు దాదాపు 12 కిలోలు.

కొండగొర్రె 20 కిలోలు తూగుతుంది. పెద్ద ఎముకలు, కడుపులోని మేత, కొమ్ములు వదిలేస్తే 14 కిలోలు తినదగ్గది. తొమ్మిదింటికి పంచితే తలా కిలోన్నర, ఒక రోజు గడిచిపోతుంది. అదే పదిహేనింటికి పంచితే తలా తొమ్మిది వందల గ్రాములు, అంటే వేట దొరికిన రోజు కూడా అర్ధాకలే. నాలుగే ఉంటే కడుపునిండా తినొచ్చు గానీ చిరుత వచ్చినప్పుడు ఎర దగ్గర నిలబడలేవు. గుంపు సంఖ్యను చాలామంది కథకు తగ్గట్టు పెట్టేస్తారు. దాన్ని పెట్టేది ఎర సైజు. సగటు ఎర 14 కిలోల మాంసం ఇచ్చేచోట గుంపు ఏడు నుంచి పది మధ్యే ఆడుతుంది.

ఏడాది మొత్తానికి ఈ గుంపుకు దాదాపు 4,400 కిలోలు కావాలి. నాలుగు రోజులకొక పెద్ద వేట అనుకుంటే ఏడాదికి 90 వేటలు, 1,260 కిలోలు. అవన్నీ కొండగొర్రెలే అయితే రెండేళ్లలో ఆ కోనలో కొండగొర్రె ఉండదు. అది ఒంటరిగా, పలచగా బతికే జంతువు. కాబట్టి ఆ తొంభైలో ఎక్కువభాగం పందిపిల్లలు, దుప్పికూనలు కావాలి. మిగతా 3,100 కిలోలు చిల్లర తిండి, తలా రోజుకు 950 గ్రాములు. ఎండ్రకాయ, ఉడుము, కుందేలు, ముళ్లపంది పిల్ల, నెమలిగుడ్లు. గుడ్డును ముందుకాళ్లతో పట్టుకుని వెనక్కి, కాళ్ల సందులోంచి బండకేసి విసిరి పగలగొట్టడం చారల ముంగిసలకున్న అలవాటే, పలుగుబండల కొండమీద అది వదులుకోవాల్సిన విద్య కాదు.

భూమి లెక్కకు ఇంకో సూత్రం సాయపడుతుంది. ప్రపంచం మొత్తంమీద చూస్తే, 10,000 కిలోల ఎరజంతువులు ఉన్నచోట దాదాపు 90 కిలోల మాంసాహారి బతుకుతుంది. మన గుంపు 108 కిలోలు, అంటే దాని వెనక 12,000 కిలోల ఎర నిలబడి ఉండాలి. చదరపు కిలోమీటరుకు 800 కిలోల ఎర ఉందని, అందులో చిరుతలు, రేచుకుక్కలు, కొండచిలువలు తీసుకోగా పావువంతు దీనికి దక్కుతుందని అనుకుంటే ఒక గుంపుకు 60 చదరపు కిలోమీటర్లు. శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం 353 చదరపు కిలోమీటర్లు. అందులో ఆరు గుంపులు కూడా ఇరుగ్గానే పడతాయి, తలలు యాభై.

ఇక్కడే చాలా కల్పిత జంతువులు రెండోసారి చస్తాయి. యాభై తలల్లో గుంపుకొక జంటే పిల్లల్ని కంటే, కనేవి పన్నెండు. కొన్ని తరాల్లో అందరూ అన్నదమ్ముల బిడ్డలే. దీనికి రెండు మందులు. ఒకటి, గుంపులో ఆడవన్నీ కనాలి, చారల ముంగిసల్లో జరిగేది అదే. రెండు, పక్కకొండలకు దారి ఉండాలి. 2010లో ప్రకటించిన శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతం 4,755 చదరపు కిలోమీటర్లు, అప్పటి చిత్తూరు కడప జిల్లాల మధ్య పరుచుకుంది. అక్కడి నుంచి పాలకొండలు, ఇంకా పైకి లంకమల. రెండేళ్లు నిండిన ఆడవి మూడు నాలుగు కలిసి ఇల్లు వదిలి ఆ వైపు పోతాయి. ఒంటరిగా పంపొద్దు, పన్నెండు కిలోల ఒంటరి జంతువు చిరుతకు ఒకపూట భోజనం.

వేట విషయానికొస్తే, గాలికంటే వేగంగా గంటల తరబడి తరిమే మందను ఎవరైనా రాయగలరు. ఆ పరుగు పుట్టించే వేడి మాత్రం ఎవరూ రాయరు. పన్నెండు కిలోల జంతువు కిలోమీటరు పరిగెత్తితే ఒంట్లోని ప్రతి కిలోకు 4.9 కిలోజౌళ్లు ఖర్చు. ప్రతి కిలోను ఒక డిగ్రీ వేడెక్కించడానికి 3.5 చాలు. వేడి బయటికి పోకపోతే కిలోమీటరుకు ఒంటివేడి 1.4 డిగ్రీలు పెరుగుతుంది. వంద మీటర్ల ఎత్తు ఎక్కితే ఇంకో 0.8. మామూలుగా 38.5 దగ్గరున్న ఒళ్లు 42 దాటితే మెదడుకు ముప్పు. అంటే చేతిలో ఉన్నది మూడున్నర డిగ్రీలు. మే నెలలో గాలే 40 డిగ్రీలుంటే చర్మం నుంచి గాలికి పోయే వేడి లెక్కలోకి రాదు, రొప్పడం ఒక్కటే దిక్కు, దానికి నీళ్లు కావాలి.

అందుకే బారుముంగి వంతుల పరుగు పరిగెడుతుంది. తెల్లవారుజామున కొండగొర్రె నీళ్లకు దిగే గుండం దగ్గర గుంపు మూడుగా విడిపోతుంది. కొండగొర్రె నీళ్లకు దూరంగా ఉండలేదు, రోజూ దిగుతుంది. మూడు పొదల్లో, ఆరు పైనున్న చరియ అంచుమీద రెండుచోట్ల. మొదటి మూడూ దాన్ని ఎత్తువైపు తోలతాయి. ఎనిమిది వందల మీటర్లకు ఆగిపోతాయి, ఒంటివేడి డిగ్రీ పైచిలుకు పెరిగి ఉంటుంది, అంతే. రెండో మూడూ అందుకుంటాయి, తర్వాత మూడోవి. ఎర మాత్రం 2,400 మీటర్లూ తానే పరిగెత్తాలి, నూట యాభై మీటర్ల ఎక్కుడుతో కలిపి దాని ఒంట్లో నాలుగు డిగ్రీలకు పైగా చేరుతుంది. జింకల్లాంటివి వేడిని మాంసాహారికంటే కొంత ఎక్కువే ఓర్చుకుంటాయి కాబట్టి పడిపోదు. నిలబడిపోతుంది. నాలుక బయట వేలాడుతూ, నాలుగు కాళ్లూ ఎడంగా పెట్టి, వీపు బండకు ఆనించి నిలబడిన కొండగొర్రెను మూడో జట్టు జంతువులు చుట్టుముడతాయి. ఒకటి ముక్కు పట్టుకుంటుంది, రెండోది తొడ వెనక నరాన్ని కొరుకుతుంది. మెడ విరిచే బలం ఈ సైజు దవడకు లేదు, పొట్ట చీలుస్తాయి. చూడ్డానికి బాగుండదు. రేచుకుక్కలు చంపే తీరూ ఇంతే.

ఈ ఏర్పాటు చెడేది రెండుచోట్ల. ఎర కిందివైపు తిరిగితే ఎక్కుడు వేడి ఉండదు, పైన కాచుకున్నవి పనికిరావు. అది సాధారణంగా గాలి కొండమీంచి కిందికి వీచినప్పుడు జరుగుతుంది, చరియమీది వాసన ముందే తగులుతుంది. తెల్లవారుజామున చల్లగాలి లోయలోకి జారుతుంది కాబట్టి ఇది అరుదు కాదు, సగం వేటలు ఇలాగే పోతాయని పెట్టుకోవచ్చు. రెండోది, గుండం చుట్టూ మనుషులో గొర్రెలో ఉంటే ఎర రాదు.

రేచుకుక్కతో తగాదా ఎందుకు రాదంటే, అది పొడుగు కాళ్లతో కోన అడుగున, పలచటి అడవిలో పరిగెడుతుంది. బారుముంగి చరియ కిందున్న రాళ్లగుట్టల్లో పనిచేస్తుంది. అక్కడ బండలు ఇరుకు, కాళ్లు పొట్టిగా ఉండటమే లాభం. తిరుమల కొండల పైభాగమంతా నిట్టనిలువు పలుగురాయి, దాని కింద పాత గ్రానైట్. ఘాట్ రోడ్డు పక్కన ఆ రెండింటి అతుకు కంటికే కనిపిస్తుంది. పైరాయి పగుళ్లలోంచి దిగిన నీరు అతుకుల దగ్గర ఊటగా వస్తుంది, వేసవిలో కూడా తడి ఉండే చోట్లు అవే. బిలాలు అక్కడికి దగ్గర్లో పెట్టాలి, కానీ పది మీటర్లు ఎత్తున. నవంబరు తుపాను వానకు వంక ఎంత ఎత్తు లేస్తుందో చూసినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు.

ఒళ్లు గురించి తొందరగా. భుజం దగ్గర ఒకటిన్నర అడుగు, తోకతో కలిపి నాలుగడుగులు. రంగు ఇటుకపొడి, వెంట్రుక మొదట బూడిద, తోక కొస నలుపు. ఎర్రచందనం మొద్దుల మధ్య అది కనపడదు. కంటిపాప అడ్డంగా సాగి ఉంటుంది, చాలా ముంగిసల లాగే. పాదానికి అయిదు వేళ్లు, గోళ్లు లోపలికి ముడుచుకోవు. రేచుకుక్క అడుగులో నాలుగే వేళ్లు పడతాయి కాబట్టి తడి ఇసుకమీద తేడా వెంటనే తెలుస్తుంది.

పళ్లమీద కొంచెం ఆగాలి, ఎందుకంటే అందరూ తప్పేది ఇక్కడే. మాంసం కోసేవి కోరలు కావు. పైదవడ నాలుగో ముందు దవడపన్ను, కిందిదవడ మొదటి దవడపన్ను ఒకదానిపై ఒకటి కత్తెరలా జారి కోస్తాయి. మాంసాహార గణమంతటికీ ఈ జతే. ఊరకుక్కకు 42 పళ్లు, రేచుకుక్కకు 40, కిందిదవడ చివరి పళ్లు లేవు, దవడ పొట్టిగా, కొరుకు గట్టిగా ఉంటుంది. ముంగిసలకూ ఆ చివరి పళ్లు లేవు, కానీ బారుముంగికి ఉన్న వెనక పళ్లు వెడల్పుగా ఉండక తప్పదు, ఎండ్రకాయ డిప్ప నలగ్గొట్టాలిగా. కాబట్టి దాని మాంసం కోత రేచుకుక్కంత వేగం కాదు. రేచుకుక్క గంటలో నాలుగు కిలోలు మింగగలదు. ఇది కిలోన్నర మింగడానికి అరగంట తీసుకుంటుంది. ఆ అరగంట చిరుతకు సరిపోతుంది. అందుకే వేట పడగానే రెండు జంతువులు తినకుండా బండెక్కి కాపలా కూర్చుంటాయి, వాటికి తర్వాత మిగతావి కక్కి పెడతాయి. కక్కి పెట్టడం ముంగిసల పద్ధతి కాదు, కుక్కలది. ఇది కల్పనలో కావాలని తెచ్చుకున్న అప్పు, ఇంతకంటే ఎక్కువ అప్పులు చేస్తే వంశం నమ్మశక్యం కాకుండా పోతుంది.

అరుపులు రెండు. దగ్గర్లో ఉన్నప్పుడు పళ్లు తాటించినట్టు టకటకమనే చిన్న శబ్దం. పలురకాల స్వరాలు కలిసిన పొట్టి శబ్దం ఎటు నుంచి వచ్చిందో చెవి వెంటనే పట్టేస్తుంది. దూరానికి మందమైన హుంకారం, అది పొదల్లో అరిగిపోదు. ఈల పెట్టలేదు. ఈల రేచుకుక్కది, పైగా నిలువు బండల మధ్య ప్రతిధ్వని వల్ల ఈల ఎక్కడిదో తేలడం కష్టం. వాసన గుర్తులు తోక కింది గ్రంథి నుంచి. పునుగుపిల్లి తన తైలాన్ని రాసినట్టే ఇదీ రాస్తుంది గానీ, చూరు ఉన్న బండల అడుగున మాత్రమే. బయటి బండమీద రాసింది ఈశాన్య రుతుపవనంలో రెండు రోజులు నిలవదు, ఎండాకాలంలో రాయి వేడికి అంతకంటే ముందే ఎగిరిపోతుంది. మలవిసర్జన కూడా గుంపంతా ఒకేచోట, సరిహద్దు బండ పక్కన. పుల్లతో విప్పి చూస్తే నారింజరంగు ఎండ్రకాయ పెంకులు, ఉడుము పొలుసులు, పంది వెంట్రుక కనిపించాలి. ఆ కుప్పలో వెంట్రుక పెరిగి పెంకు తగ్గిందంటే వంకలు ఎండాయని లెక్క.

కాన్పు తేదీ తప్పుగా పెడితే మిగతా అంతా సరిగ్గా ఉన్నా జాతి నిలవదు. మన దేశంలో రేచుకుక్కలు నవంబరు నుంచి మార్చి లోపల ఈనుతాయి. వేసవికి నీళ్లు తగ్గి జింకలు మడుగుల దగ్గర పోగయ్యేసరికి పిల్లలు మాంసం అడిగే వయసుకు వస్తాయి, వాటికది సరి. బారుముంగి పిల్లలకు అది చావుదెబ్బ. పాలు విడిచిన పిల్ల దుప్పికూన వెనక పరిగెత్తలేదు, తనంతట తాను ఏరుకునే ఎండ్రకాయ, పురుగు కావాలి. తిరుపతికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి జత మే చివర, 63 రోజుల గర్భం, ఆగస్టు మొదటి వారంలో ఈత, అక్టోబరుకు పాలు విడవడం. మూడు నాలుగు ఆడవి ఒకే రాత్రి, ఒకే బిలంలో ఈనుతాయి. ముందూవెనకా ఈనితే ముందు పుట్టినవాటిని ఇంకో తల్లి చంపేసే ప్రమాదం ఉంది, ఒకేసారి పుడితే ఎవరి పిల్ల ఏదో ఎవరికీ తెలియదు. మొత్తం పదకొండు పిల్లలు పుడితే ఏడాది దాటేవి నాలుగు. తొమ్మిది పెద్దవాటిలో ఏడాదికి మూడు దాకా పోతాయి. మిగిలే ఒకటే వలసకు. దీనికంటే ఉదారంగా పెడితే పదేళ్లలో కొండంతా బారుముంగులే.

ఇంత కట్టాక దాన్ని చంపేవి ఏవో కూడా చెప్పాలి. చిరుత మొదటిది కాదు. ఊరకుక్క మొదటిది. కుక్కల డిస్టెంపర్ వైరస్ కుక్కజాతితో ఆగదు, ముంగిసజాతికీ సోకుతుంది, రేబిస్ సరేసరి. కక్కిన మాంసం పంచుకుని, ఒకే బిలంలో ఒకదానిమీద ఒకటి పడుకునే జంతువుల్లో ఒకదానికి తగిలితే వారాల్లో గుంపు ఖాళీ. అలిపిరి 3,550 మెట్ల దారి, శ్రీవారి మెట్టు, రెండు ఘాట్ రోడ్లు కొండను ముక్కలుగా కోస్తాయి. వాటి పక్కన మిగిలిన అన్నం ఉంటుంది, అన్నానికి పందులు, కోతులు, కుక్కలు వస్తాయి, వాటికోసం చిరుత వస్తుంది. ఏరుకుని తినే జంతువుకు ఆ కుప్ప తేలిగ్గా అలవాటవుతుంది. అలవాటైన గుంపు పదిహేనుకు పెరుగుతుంది, 60 చదరపు కిలోమీటర్లు వదిలేసి ఆరులో బతుకుతుంది, వేట మరిచిపోతుంది, మొదటి జబ్బుకు పోతుంది. మ్యాపులో గుంపుల్ని గుర్తించేటప్పుడు మెట్లదారికి రెండు కిలోమీటర్లలోపు ఉన్న గుంపును విడిగా, పెద్ద సంఖ్యతో, తక్కువ ఆయుష్షుతో పెట్టండి.

భాకరాపేట, మామండూరు వైపు అంచు గుంపులకు మేకలు. మేకపిల్ల కొండగొర్రెకంటే తేలిక, వేడి లెక్కే అవసరం లేదు. కాపరి పక్కనుంటే పగలు రాదు. కొట్టం కంప వదులుగా ఉంటే తెల్లవారుజామున వస్తుంది, జానెడు సందు చాలు. రేగికంపను మొదళ్లు బయటికి పెట్టి పేరిస్తే వాటిని పట్టి బయటికి లాగేసే వీలుంటుంది. ముళ్లకొసలు బయటికి, మొదళ్లు లోపలికి పెట్టి, మోకాలెత్తు దాకా నేలకు ఆనించి రాళ్లు పేర్చాలి, ఇది తవ్వే జాతి. ఒక మేక పోయినప్పుడు ఆ కళేబరంలో విషం పెట్టడం అడవి అంచుల్లో జరిగే పని. తొమ్మిదీ ఒకే కళేబరాన్ని తింటాయి, కాపలా కూర్చున్న రెండింటికి మిగతావి కక్కి పెడతాయి.